గోలకొండ చెంత గ్రీష్మోత్సవములు

వేసవి గడచినదని మనము విసనకఱ్ఱలను దాచిపెట్టు వేళకు పంచాంగము అడ్డు చెప్పుచున్నది. చైత్ర వైశాఖములు వసంతము, జ్యేష్ఠాషాఢములు గ్రీష్మము అని గదా మన ఋతుగణనము! తొలకరి జల్లులు రెండు కురిసినను ఆషాఢమాసము గ్రీష్మమునకు చివరి భాగమే. పల్లెలలో ఆషాఢమనగా క్రొత్త కోడలు పుట్టినింటికి చేరు మాసము; పెండ్లి బాజాలు నిలిచిపోవు మాసము. హైదరాబాదు నగరమున మాత్రము ఇది డప్పులు మ్రోగు మాసము. ఈ మాసమున మొదటి గురువారమునగాని, మొదటి ఆదివారమునగాని గోలకొండ కోటలో తొలి బోనము నెత్తుదురు. ఆ పిమ్మటనే ఉత్సవము సికింద్రాబాదునకును, లాల్ దర్వాజాకును సాగిపోవును.

కావున ఈ వారము ఇంటిల్లిపాది బయలుదేరి చూడదగినది ఏమి యున్నదని అడుగువారికి మేము టోలిచౌకి దారి చూపుచున్నాము. టోలీ యనగా దండు, గుంపు. చౌకీ యనగా కావలి తావు. ఒకప్పుడు కోటబాటమీద కావలి యున్న చోటని ఆ పేరే చెప్పుచున్నది. నేడచ్చట కావలివారు లేరు. ఎడతెగని బండ్ల వరుసలు, ఇరానీ చాయి దుకాణములు, అంతస్తుల మేడలు ఉన్నవి. చదువులకై వచ్చిన ఆఫ్రికా, అరబ్బు దేశముల యువకులు సయితము ఆ వీథులలో కాపురమున్నారు. ఆ నాలుగు దారుల కూడలి నుండి ఒక దిక్కునకు పోయిన గోలకొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు. మరియొక దిక్కునకు పోయిన షేక్‌పేట, ఖాజాగూడ గుట్టలు. ఉత్తరముగా పోయిన ఫిల్మ్‌నగరు, జూబిలీ కొండలు. అన్నియు కూతవేటు దూరములు కాకపోయినను ఒక్కొక్కటి ఒక పూటలో పోయి రాదగినవే.

ఈ తావులన్నిటిని చుట్టి వచ్చువారికి ఒక ప్రశ్న తోచకమానదు. నాలుగైదు వందల ఏండ్లలో ఇచ్చట కొన్ని నిలిచినవి, కొన్ని మాసిపోయినవి, మరికొన్ని మన కన్నులయెదుటనే మాసిపోవుచున్నవి. నిలిచినవానిని నిలిపిన దేది? రాతిగోడయా, రాజశాసనమా, లేక మరియొకటియా? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని మనము ముందుగా కోటకు పోవుదము.

గోలకొండ మొదట గొల్లకొండ. ఆ కొండపై ఒక గొల్లవానికి దేవతావిగ్రహము దొరికెననియు, ఆ వార్త విని కాకతీయ ప్రభువు అచ్చట మట్టికోట కట్టించెననియు జనశ్రుతి. 1364 ప్రాంతమున ముసునూరి కాపయ నాయకుడు ఈ కోటను బహమనీ సుల్తానునకు విడువవలసి వచ్చినది. 1518లో సుల్తాన్ కులీ స్వతంత్రుడైన తరువాత కుతుబ్‌షాహీలు మట్టిగోడలకు మారుగా రాతిగోడలు లేపిరి. 87 బురుజులు, 8 ద్వారములు, ఏనుగులు క్రుమ్మి పగులగొట్టకుండ ఇనుప మేకులు దిగవేసిన తలుపులు, ఒక దాని వెనుక ఒకటిగా మూడు ప్రాకారములు. దక్షిణాపథమున ఇంతకంటె దృఢమైన కోట లేదని ఆనాటివారు నమ్మిరి.

ఆ నమ్మకము 1687లో పరీక్షకు వచ్చినది. ఔరంగజేబు స్వయముగా వచ్చి 8 నెలలు ముట్టడించెను. ఫిరంగులు ప్రేలినవి, సొరంగములు త్రవ్విరి, వానలు కురిసినవి, మొగలు దండులో కరవును రోగమును వ్యాపించినవి. గోడ మాత్రము లొంగలేదు. చివరకు లోపలివాడొకడు లంచమునకు లోబడి రాత్రివేళ తలుపు తెరచెను. అంత పటిష్ఠమైన రాయి ఒక్క తలుపుగడియ వలన ఓడిపోయినది. సుల్తాను అబుల్ హసన్ తానీషా బందీయై దౌలతాబాదునకు పోయెను, మరల రాలేదు. భద్రాద్రి ఆలయమునకై చెరసాల పాలైన కంచర్ల గోపన్న కథవలన తెలుగువారికి తానీషా పేరు సుపరిచితమే. గోపన్న ఉండెనని చెప్పు కొట్టు నేటికిని యాత్రికులకు చూపుచున్నారు. బంధించిన ప్రభువునకు మాత్రము ఆ కోటలో చోటు మిగులలేదు.

కాబట్టి గోలకొండను నిలిపినది రాతిగోడ కాదని మొదటనే తేలినది. మరి నేడు ఆ కోటకు ప్రాణము పోయుచున్న దేది? ఆషాఢమున ఒక్క ఉదయము లంగరుహౌజు కూడలిలో నిలిచి చూచిన తెలియును. అమ్మవారికి పట్టువస్త్రములు, ఘటము, వెదురుకును రంగుకాగితములకును రూపమిచ్చిన తొట్టెల, వాని ముందు డప్పులు, వేపమండలు నడుమునకు చుట్టి పసుపు పూసుకొని కొరడా ఝళిపించు పోతరాజు. ఆ వెనుక తలలపై బోనములతో స్త్రీలు బారులు తీర్చి కోటవైపు నడతురు. కొండమీది జగదంబ సన్నిధికి సుమారు 360 మెట్లు. తలమీది కుండ తొణకకుండ, దానిపై దీపము ఆరకుండ, ఎండలో ఆ మెట్లన్నియు ఎక్కుదురు. ఏ సేనాపతియు ఎక్కలేని కొండను వంటింటి కుండతో ఎక్కుచున్నారనిన అతిశయోక్తి కాదు.

భోజనమను మాటయే బోనమైనది. క్రొత్త కుండకు సున్నము, పసుపు, కుంకుమ పూసి, వేపకొమ్మలు కట్టి, అందులో పాలు బెల్లము కలిపిన అన్నము నింపి, మూతపై దీపము వెలిగింతురు. అమ్మవారు ఆషాఢమున పుట్టింటికి వచ్చునని జనుల విశ్వాసము. ఇంటి ఆడబిడ్డ వచ్చినపుడు చేయు మర్యాదయే ఇది. దేవతకు నైవేద్యము, బిడ్డకు కమ్మని ముద్ద. పోతరాజు అమ్మవారికి తమ్ముడు. అందుచేతనే ఆతడు ముందు నడచి దారి తీయును. గురువార ఆదివారములలో మొత్తము తొమ్మిది పూజలు కోటలో జరుగును. తొలి బోనమునాడు పోలేనివారు ఏదేని ఒక పూజకు పోవచ్చును. రద్దీయు కొంత తక్కువగా నుండును.

ఈ పండుగకు భక్తియే కాక భయమును మూలమే. ఎండ తగ్గి వాన మొదలగు సంధికాలమున నీరు చెడి, ఈగలు ముసరి, కలరా వంటి వ్యాధులు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టుచుండెను. 1813లో నగరమున మహమ్మారి చెలరేగినపుడు ఉజ్జయినిలోనున్న ఇచ్చటి సిపాయి యొకడు అచ్చటి మహాకాళికి మ్రొక్కుకొనెననియు, తిరిగివచ్చి సికింద్రాబాదున అమ్మవారిని ప్రతిష్ఠించెననియు చెప్పుదురు. వేపాకు, పసుపు, క్రొత్త కుండ, కడిగిన వాకిలి, ఇరుగుపొరుగుల కలయిక. వైద్యశాస్త్రము ఇంకను చేతికందని దినములలో రోగభయము నెదుర్కొనుటకు మన పెద్దలు కూర్చుకొన్న ధైర్యసామగ్రి యిది. 2014లో తెలంగాణ రాష్ట్రము బోనములను రాష్ట్రోత్సవముగా ప్రకటించినది. అయితే ప్రకటన వచ్చుటకు ఎన్నియో తరముల ముందే జనులు నడచుచుండిరి. ఆ నడకయే కోటను పాడుదిబ్బ కానీయలేదు.

సుల్తానులకును ఈ ఋతుసంధి మీద ప్రీతి యుండెడిది. ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని నోరార పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. కందుకూరి రుద్రకవి ఆయన చేత చింతలపాలెమను గ్రామమును పొందెను. ఆయన కుమారుడు, 1591లో హైదరాబాదు నగరమును నిర్మించిన మహమ్మదు కులీ, స్వయముగా దక్కనీ భాషలో కవి. వసంతమును గూర్చి, చలికాలమును గూర్చి, తొలకరిని గూర్చి ఆయన కవితలు చెప్పెను. తొలకరిని ఆయన పిలిచిన పేరు ‘మిర్గ్’. అది మరేమియు కాదు, మన మృగశిరయే. జూన్ 8 ప్రాంతమున మృగశిర కార్తె ప్రవేశించినదనగా తెలంగాణపు ఇండ్లలో చేపలకూర ఉడుకును. రైతు ఆకాశము వంక చూచును. రైతు నోటి కార్తె పేరు అంతఃపురపు కవితలోనికి ఎక్కినది. ఒకే వానకు రెండు భాషలు ఎదురేగినవి. ఈ గడ్డ సంస్కారమును తెలిసికొనుటకు ఈ ఒక్క మాట చాలును.

కోటను విడుచుటకు ముందు బాలాహిసార్ ద్వారము దగ్గర గుమ్మటము క్రింద ఒక్కసారి చప్పట్లు కొట్టుడు. ఆ చప్పుడు కొండకొననున్న మండపమున వినబడును. శత్రువు వచ్చినను, అతిథి వచ్చినను పైవారికి వార్త చేరుటకు చేసిన ఏర్పాటది. రేడియో వినుట కలవాటుపడిన మనకు ఆ చప్పట్ల శబ్దము ప్రత్యేకముగా ప్రియము కావలెను. తీగ లేకుండ, విద్యుత్తు లేకుండ, గుమ్మటపు వంపును ఆసరా చేసికొని ధ్వని కొండ యెక్కినది! ప్రొద్దు క్రుంకిన తరువాత కోటలో ధ్వని కాంతి ప్రదర్శన మొకటి 1990 దశకము నుండి యాత్రికుల నలరించుచు వచ్చినది. పిల్లలకు రాజవంశముల పేర్లు బడిలో కంటె అచ్చట త్వరగా పట్టుబడును.

కోటకు సమీపముననే కుతుబ్‌షాహీ సమాధులు. సుమారు 106 ఎకరముల తోట. సుల్తానులు బ్రదికియుండగనే తమ సమాధులను తామే కట్టించుకొనిరి. మహమ్మదు కులీ సమాధి శిఖరము వరకు 140 అడుగుల ఎత్తు. అబుల్ హసన్ తానీషాకు మాత్రము ఇచ్చట చోటు లేదు. ఆయన దౌలతాబాదు చెంత ఖుల్దాబాదున నిద్రించుచున్నాడు. రాజ్యము పోయిన తరువాత ఈ తోటలు బీడువడినవి. 19వ శతాబ్దమున మొదటి సాలార్‌జంగు వీనిని బాగు చేయించి తోట వేయించెను. తరువాత మరల అశ్రద్ధ. 2013 వానలలో పెద్దబావి ప్రక్కగోడ కూలినది. ఆ సంవత్సరముననే ఆగా ఖాన్ సాంస్కృతిక సంస్థయు, రాష్ట్ర పురావస్తు శాఖయు కలిసి పునరుద్ధరణకు పూనుకొనిరి. గుమ్మటములమీద తరువాతి కాలపువారు పూసిన సిమెంటును ఒలిచి, పూర్వపు పద్ధతిని సున్నపు గారను పూసిరి. కూలిన బావి రాళ్లను తీసి, పూడిక యెత్తి, మరల పేర్చిరి. ఆ మెట్లబావులలో నీరు నిలిచినది. ఈ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించినది. 2024లో మొత్తము పని ముగిసినది.

వేసవి చూడవచ్చినవారు సమాధుల కంటె ముందు ఈ బావులను చూడవలెనని మా మనవి. ఎండకాలమున నీటిమట్టము దిగిపోగా మెట్లన్నియు బయటపడును. వాన కురిసినకొలది ఒక్కొక్క మెట్టే మునుగును. అనగా ఆ మెట్లు కేవలము దిగుటకే కాదు, సంవత్సరపు వానను కొలుచు కొలబద్దలు కూడ. పైగట్టున ఎద్దులు నడచుటకు కట్టిన వాలుబాట కనిపించును. ఎద్దు వాలున దిగుచుండ తోలుబాన నీటితో పైకి వచ్చెడిది. ఆ నీరు కాలువలలో పడి తోటకు, స్నానశాలకు పారెడిది. కోటకును నీరు ఇదే విధముగ తెచ్చిరి. దుర్గము చెరువు నుండి మట్టిగొట్టములలో వచ్చిన నీటిని చక్రములతో అంచెలంచెలుగా కొండమీది తొట్లకు ఎత్తిరి. ఆ విధముగ దుర్గమునకు నీరిచ్చిన చెరువది. 2020లో దానిమీద తీగలవంతెన నిర్మించిన తరువాత సాయంకాలము జనులు దీపాలంకారము చూడ పోవుచున్నారు. ఆ నీటికిని, కోటకును గల చుట్టరికమును కూడ పిల్లలకు చెప్పిన, ఆ దీపములు మరింత అందగించును.

సాయంకాలము సంగీతనృత్యములయందు అభిలాష కలవారు ఇబ్రహీంబాగున తారామతి బారాదరి వంకకు పోవలెను. మూసీనది చెంత మిట్టమీద పన్నెండు ద్వారముల మండపమది. తారామతి, ప్రేమామతి యను కళావతుల పేర్లు ఆ తావుతో ముడివడియున్నవి. మండపము నుండి తారామతి పాడిన పాట గాలిమీద కోటకు వినవచ్చెడిదని జనులు చెప్పుకొందురు. కథయే కావచ్చును. కాని వారి పేర సమాధులు సుల్తానుల సమాధుల తోటలోనే ఉన్నవి. ఒక కాలము కళాకారిణుల కిచ్చిన గౌరవమునకు అది సాక్ష్యము. కూచిపూడి భాగవతులకు అగ్రహార మిచ్చినవాడు తానీషాయే యని సంప్రదాయము. ఆ మండపము చెంతనే పర్యాటక శాఖవారు ఆరుబయటి రంగస్థలము నిర్మించినారు. ప్రదర్శన యున్ననాడు ఆకాశమే పందిరిగా కూచిపూడి నృత్యము చూచుట నగరములోని చల్లని హాలులలో లభించని అనుభవము. బయలుదేరుటకు ముందు ఆనాడు కార్యక్రమము కలదో లేదో విచారించుకొనుట మంచిది.

ఇక ప్రకృతి. కోటకు ఆనుకొని నయా ఖిలా ఉన్నది. 1656లో మొగలులు దాడి చేసిన తరువాత ఆ వైపునున్న మిట్ట శత్రువునకు ఉపకరింపకుండునట్లు అబ్దుల్లా కుతుబ్‌షా కాలమున దానిని గోడలోపలికి కలుపుకొనిరి. ఆ గోడలలోపల ఒక వృక్షము కలదు. జనులు ‘హాతియాన్ కా ఝాడ్’, అనగా ఏనుగుల చెట్టు అందురు. బోదె చుట్టుకొలత 80 అడుగులకు మించును. బూడిదవన్నె, ఏనుగు తోలువలె ముడుతలు. లోపల మనుష్యులు దూరదగిన తొఱ్ఱ. ఇది మన దేశపు చెట్టు కాదు. ఆఫ్రికా ఖండపు బావోబాబు. వర్తకులో, ఫకీరులో నాలుగు వందల ఏండ్ల క్రిందట తెచ్చి నాటిరని చెప్పుదురు. ఆ ఖండమునుండి వచ్చిన చదువరులు నేడు టోలిచౌకిలో ఇండ్లు అద్దెకు తీసికొని యున్నారు గదా. వారికంటె ఎంతో ముందు వచ్చి ఇచ్చటనే ఊరివాడైన అతిథి ఈ చెట్టు.

ఎండకాలమంతయు ఇది ఆకు లేక మోడువలె నిలుచును. తన బోదెలో నిలువచేసికొన్న నీటితోనే కాలము గడపును. తొలకరి సమీపించగానే చిగుర్చును. తెల్లని పెద్ద పూవులు సాయంకాలము విచ్చుకొని మరునాటికి రాలిపోవును. రాత్రి వచ్చు గబ్బిలములే వానికి పుప్పొడి మోయు దూతలు. కాబట్టి దానిని చూచుటకు ఈ వారమే తగినది. మోడుకు ఆకుపచ్చ రంగు తిరుగు దినములివి. ఆ ఆవరణమున ప్రవేశము ఎల్లవేళల ఉండదు. ముందుగ అడిగి తెలిసికొని పోవలెను.

అయితే అచ్చట ఒక దుఃఖకరమైన దృశ్యమును చూడవలసి వచ్చును. ఆ బెరడుమీద పేరులు చెక్కియున్నవి. ఏ ఊరివాడో, ఏ జంటయో, కత్తిమొనతో తమ రాకను వ్రాసికొనిరి. ఫిరంగుల కాలమును దాటివచ్చిన చెట్టు సెలవుదినపు విహారులచేత గాయపడినది. జనులు వచ్చుటవలన తావులు బ్రతుకునని మేము చెప్పుచున్నాము. వచ్చినవారివలననే చచ్చుటయు కలదని ఈ బెరడు చెప్పుచున్నది. రెండును నిజములే. బోనము మోయు స్త్రీ మెట్టుమీద పసుపు కుంకుమ విడిచి పోవును. కత్తి తెచ్చినవాడు మచ్చను విడిచి పోవును. గుంపు ఒక్కటే చాలదు, మర్యాద కావలెను.

ఈ మాటకు వెలుగు నీడలు రెండును జూబిలీ కొండలవైపు కనిపించును. ఇచ్చటి నల్లరాతిబండలు సుమారు 250 కోట్ల ఏండ్లనాటివి. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్లు కనబడు బండలను ఎవరును పేర్చలేదు, ఎచ్చటనుండియు దొరలి రాలేదు. భూమిలోపల గట్టిపడిన ఒకే రాతికి బీటలు వారి, ఆ బీటలలో నీరు, గాలి, వేరులు చొరబడి, అంచులు అరిగి, చుట్టునున్న మట్టి కొట్టుకొనిపోగా మిగిలిన గుండ్లవి. గోలకొండ గోడలు ఈ రాతి బిడ్డలే. ఆ కొండలమీదనే సినిమా పరిశ్రమ వచ్చి నిలిచినది. మద్రాసు నుండి తరలివచ్చిన అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో 1976లో ఆరంభమైనది. తరువాత ఫిల్మ్‌నగరు వెలసినది. చిత్రములలో వెనుకతెరగా అందగించిన బండలను, ఇండ్లకై, బాటలకై, మందుపెట్టి పగులగొట్టిరి. ఊరు పెరుగక తప్పదు; ఇండ్లు లేక మనుష్యులుండలేరు. కాని 250 కోట్ల ఏండ్ల పని ఒక్క మధ్యాహ్నమున ముగిసిపోవుట చూచినవాని మనస్సు కలుక్కుమనక మానదు.

ఆ బాధనుండియే 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అను సంఘము పుట్టినది. నగరచరిత్ర వ్రాసిన నరేంద్ర లూథరుగారు దాని ప్రముఖులలో ఒకరు. బంజారా కొండలమీద తన యింటిని బండను పగులగొట్టక దాని చుట్టును కట్టించుకొన్నవారు. ఆయన 2021లో దివంగతులైరి. ఆ సంఘము జరుపుచు వచ్చిన శిలావిహారములు విలక్షణమైనవి. ఉదయమున గుంపుగా పోయి బండలను చూచి, ఎక్కి, కూర్చుండి, మాటలాడి వచ్చుటయే. గుడి లేని చోట ఒక విధమైన తీర్థమును కల్పించుట యన్నమాట. ఖాజాగూడ గుట్టలు ఇట్టి విహారములకు ప్రసిద్ధములు.

ఇట్టి నడకకు ఫలితమున్నదా యని అడుగువారికి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనమే సమాధానము. జూబిలీ కొండల నడుమ సుమారు 390 ఎకరములు. ఒకప్పటి రాజవంశపు చిరాన్ భవనము చుట్టునున్న అడవి. 1998లో జాతీయ వనముగా ప్రజలకు తెరచిరి. నెమళ్లు, కుందేళ్లు, తొలివానకు విచ్చు అడవిపూలు. వేకువజామున వందలాది నగరవాసులు దాని చుట్టు బాటమీద నడతురు. 2016లో వంతెనల పథకమునకై వనము చుట్టునున్న చెట్లను కొట్టుటకు యత్నము జరిగినపుడు మొదట నోరెత్తినవారు ఆ నడచువారే. వారు గుమిగూడిరి, వ్రాసిరి, హరిత న్యాయస్థానము దాక పోయిరి. అప్పటికి గొడ్డలి ఆగినది. రోజును చూచుచున్న చెట్టును కొట్టబోయినపుడే మనిషికి కోపము వచ్చును. చూడని చెట్టు పోయినదని తెలియను కూడ తెలియదు.

చెరువుల కథ దీనికి మారుమొగము. 1562లో హుసేన్‌సాగరమును నిర్మింపజేసిన హుసేన్ షా వలీ దర్గా టోలిచౌకికి అవతల, షేక్‌పేట దాటిన తరువాత ఉన్నది. నగరమునకు దాహము తీర్చినవానికి నేటికిని నగరవాసులు పూవులు సమర్పించుచున్నారు. ఆయన పేరు నిలిచినది. కాని అదే దిక్కున టోలిచౌకి చెంగటనే యున్న షా హాతిం చెరువు ఇండ్ల వెనుకకు ఒదిగి కుంచించుకొనిపోయినది. పెద్దవాన కురిసినపుడు చుట్టుప్రక్కల వీథులలోనికి వచ్చు నీరు తన పూర్వపు చోటును వెదకికొనుచున్నది. ఆ చెరువుగట్టున బతుకమ్మలాడువారును, వేకువ నడచువారును నిండుగా నుండిన, దాని అంచు ఇంత నిశ్శబ్దముగా తరిగిపోయెడిదా యని మాకు తోచును.

మొదట వేసికొన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. కోటను గోడ కాపాడలేదు. సమాధులను రాజ్యము కాపాడలేదు. ధనము, శాసనము, పనివాని నేర్పు, ఇవన్నియు కావలసినవే. బావి కూలినపుడు భక్తి ఒక్కటియే రాళ్లు పేర్చదు. కాని వాని నన్నిటిని రప్పించునది జనుల రాకయే. ఏటేట మనుష్యులు కూడిన చోటు జ్ఞాపకమున నిలుచును. జ్ఞాపకమున్న చోటును చెరుపుట కష్టము. కావలివారు పోయిన టోలిచౌకికి ఇపుడు కావలి మనమే.

కాబట్టి ఈ వారము మీకు మేము చెప్పు కార్యక్రమ మిది. ఒక ఉదయము బోనముల వెంట కోట మెట్లెక్కుడు. కుండలో మంచినీరు వెంటనుండవలెను, వృద్ధులను ఎండ ముదరక మునుపే దింపవలెను. ఒక సాయంకాలము మెట్లబావి అంచున కూర్చుండి ఎన్ని మెట్లు బయటనున్నవో పిల్లలచేత లెక్కింపుడు. శ్రావణమున మరల పోయి ఎన్ని మునిగినవో చూడుడు. ఒక వేకువ గుట్టలమీదనో, వనము చుట్టునో నడువుడు. వీలైన ఏనుగుల చెట్టును చూచి రండు. చూచినదానిపై మీ పేరు వ్రాయకుడు. దాని పేరును మీ పిల్లల నోట నిలుపుడు. తినిన ఆకు, త్రాగిన సీసా తిరిగి మీ సంచిలోనే రావలెను.

ఇంటింట రేడియో మ్రోగుట మాకు సంతోషకరమే. అయినను డప్పు మోత పెట్టెలో వినుట వేరు, వీథిలో వినుట వేరు. ఈ ఒక్క ఉదయము మీట త్రిప్పి కట్టివేసి, తలుపునకు తాళము వైచి, కోటదారి పట్టుడు. మీరు తిరిగి వచ్చువేళకు మేమిచ్చటనే ఉందుము.